అరటిపండు ఒలిచే భాగ్యం

పాఠకులారా, మొహమాటం లేకుండా ఒకటి అడుగుతాను. మీకు లాంగ్ డిస్టెన్స్ సైకిలు రేసులకి వెళ్ళే స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడా?

లేడా? అయ్యయ్యో! మరి ఇన్నాళ్ళూ ఎలా బతుకుతున్నారండీ?

పొద్దున్నే లేస్తారు. పనికి వెళ్తారు. ఇంటికొస్తారు. ఇంట్లోవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి పడుకుంటారు. ఛీ ఛీ, అదీ ఒక జీవితమేనా! పరాయివాడి పిరుదుల వంక మూడు రోజులపాటు కన్నార్పకుండా చూస్తూ, వాడి వెనకే గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల వేగంతో కారులో పాకుతూ, అరగంటకోసారి అరటిపండు ఒలిచి పరిగెత్తుకెళ్ళి అందిస్తే గానీ మనిషి జన్మ ఎందుకెత్తామో బోధపడదు. నాకు బోధపడింది. నలుగురితో పంచుకుందామని రాస్తున్నాను.

ముందు నా స్నేహితుడి గురించి చెప్పాలి. ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. మేమంతా 'గేరు' అంటాం. రెండేళ్ళ కిందట డాక్టరు వాడి రక్తం చూసి, షుగరు గడప దాకా వచ్చింది, రోజూ కాసేపు నడవండి అన్నాడు. మామూలు మనిషైతే నడిచేవాడు. వీడు వాళ్ళ ఆఫీసులో ఉన్న గుమాస్తాల కంటే ఎక్కువ గేర్లున్న సైకిలు కొన్నాడు. ఆ రోజు నుంచి వాడి నోట సైకిలు తప్ప ఇంకో మాట లేదు. ఎవరైనా పోయారని పలకరించడానికి వెళ్ళినా, "పాపం, గుండె నిమిషానికి ఎంత కొట్టుకునేదో ఏమిటో" అని విచారిస్తాడు.

నేను కళ్ళజోళ్ళ దుకాణం వాణ్ణి. ఇరవై ఆరేళ్ళుగా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింద వరస కనిపిస్తోందా, పై వరస కనిపిస్తోందా అని అడుగుతున్నాను. అంటే ఎదుటివాడికి ఏం కనిపిస్తోందో కనుక్కోవడం నా వృత్తి. నాకేం కనిపిస్తోందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సపోర్ట్ క్రూ ఉద్యోగానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

సపోర్ట్ క్రూ అంటే ఏమిటంటారా? చెప్తాను. ఈ రేసు మూడు రోజులు. శుక్రవారం, శనివారం, ఆదివారం. మొత్తం ఐదువందల నలభై కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, సాయంత్రం ఆరింటికి ఆ రోజు గమ్యం చేరాలి. ఒక్కొక్కరూ 'స్వశక్తితో' తొక్కాలి. ఆ స్వశక్తి పడిపోకుండా చూడ్డానికి ఒక్కొక్కరి వెనకా ఒక కారు, అందులో ఇద్దరు మనుషులు ఉండాలి. ఆ ఇద్దరే సపోర్ట్ క్రూ. నేనొకణ్ణి, కారు నడపడానికి రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు. ముప్పై ఏళ్ళపాటు పిల్లలచేత ఒకే కుండ బొమ్మ వేయించిన మనిషి కాబట్టి ఆయన సహనానికి లోటు లేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి. అంత ముఖ్యమైనదేం కాదనుకోండి.

మా ఆవిడ లెక్కల టీచరు. నెలన్నర కిందట బడి మెట్ల మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లోపల స్టీలు రాడ్డు వేశారు. ఆరు వారాలు కాలు నేల మీద మోపొద్దన్నారు. సరిగ్గా ఆ శనివారం ఉదయం పదింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, ఆవిణ్ణి మొదటిసారి నిలబెట్టి, మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా నడిపించాలి. పదకొండు అడుగులు. మంచం మీంచే కళ్ళతో కొలిచి పెట్టుకుంది, లెక్కల టీచరు కదా!

"ఆ రోజు మీరు ఇంట్లో ఉంటారుగా?" అని అడిగింది.

"శనివారమా?" అన్నాను, వారాల్లో అలాంటిదొకటి ఉందని అప్పుడే తెలిసినట్టు.

"మళ్ళీ పడతానేమోనని భయంగా ఉందండీ. మీరు పక్కనుంటే కాస్త ధైర్యం."

పాఠకులారా, న్యాయం మీరే చెప్పండి. రేసు తేదీ నాలుగు నెలల కిందటే ఖాయమైంది. ఆవిడ ఎముక మొన్న మొన్న విరిగింది. ముందు ఎవరు అడిగితే వాళ్ళకే కదా మనిషిని కేటాయించాలి? ఈ ధర్మసూక్ష్మాన్ని నేను విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "సరే వెళ్ళండి, నాకేం. అమ్మ ఉందిగా" అంది.

ఆ 'నాకేం' అన్న మాటకి అర్థం పెళ్ళయిన ప్రతి మగాడికీ తెలుసు. తెలియనట్టు ఊరుకోవడం కూడా తెలుసు. నేను ఊరుకున్నాను.

గేరుగాడు మాత్రం ఊరుకోలేదు. మానవత్వం ఉన్నవాడు కదా! బయల్దేరేముందు రోజు మా ఆవిడకి మెసేజి పెట్టాడు: "నొప్పి తాత్కాలికం వదినా. గెలుపు శాశ్వతం." పక్కన కండ పొంగించిన చెయ్యి బొమ్మ. ఆవిడ వెంటనే జవాబు పెట్టింది: "రాడ్డు కూడా శాశ్వతమేనట అన్నయ్యగారూ."

సరే, శుక్రవారం వచ్చింది. రేసు నిర్వాహకులు నాకొక మెరిసే జాకెట్టూ, ఒక రికార్డు పుస్తకమూ ఇచ్చారు. అరగంటకోసారి అందులో రాయాలి. రైడరు ఎన్ని గుక్కల నీళ్ళు తాగాడు? ఏం తిన్నాడు? ఉప్పు బిళ్ళ మింగాడా? మూత్రం ఏ రంగులో ఉంది? చివరి గడి: మూడ్ ఎలా ఉంది? దానికి ఐదుకి ఎన్ని మార్కులో వెయ్యాలి!

ఎంత గొప్ప ఏర్పాటండీ! ఆసుపత్రిలో డాక్టరుగారు "మీ ఆవిడ రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు?" అని అడిగితే నేను మా అత్తగారి మొహం చూశాను. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో ఆవిడ మూడ్‌కి ఒక్కసారి కూడా మార్కులు వేసిన పాపాన పోలేదు. అదే గేరుగాడి సంగతి అడగండి! శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి వాడు ఎన్ని గుక్కలు తాగాడో, ఎండు ఖర్జూరాలు ఎన్ని నమిలాడో, ఎన్ని ఊశాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అరటిపండు విషయంలో వాడికి కొన్ని సిద్ధాంతాలున్నాయి. మచ్చలున్న పండు పనికిరాదు. మచ్చల్లేనిది పచ్చి. తొక్క సగం దాకా, మూడు పాయలుగా తియ్యాలి. నాలుగు పాయలైతే పట్టు జారుతుందట! కారులోంచి చెయ్యి చాపి అందించకూడదు, అది రూలు. ముందుకి వెళ్ళి కారాపి, దిగి, ఎడమ పక్కన పరిగెడుతూ చేతికి అందించాలి. నాకు నలభై ఎనిమిదేళ్ళు. బస్సు కోసం కూడా పరిగెత్తను, ఇంకోటి వస్తుందని నిలబడతాను. అలాంటివాణ్ణి ఎడం చేత్తో పండూ, కుడి చేత్తో సీసా పట్టుకుని, జాకెట్టు గాలికి ఎగురుతుంటే, కళ్ళజోడు ముక్కు మీద గెంతుతుంటే, పరుగే పరుగు!

"నీళ్ళు చల్లగా లేవురా!" అంటాడు. ఐసు వేసిన సీసాతో మళ్ళీ పరిగెడతాను. "పళ్ళు జివ్వుమంటున్నాయిరా, చంపుతావా?" అంటాడు. మాస్టారి వంక చూస్తాను. ఆయన స్టీరింగు మీద వేలితో కుండ గీస్తూ ఉంటారు.

క్రూకి ఇంకో పవిత్రమైన నియమం ఉంది. దూరం ఎప్పుడూ నిజం చెప్పకూడదు. రైడరు "ఇంకెంత?" అంటే "ఇంకొంచెమే" అనాలి. నలభై కిలోమీటర్లున్నా ఇంకొంచెమే, నాలుగున్నా ఇంకొంచెమే. నిజం వింటే వాడి మనోబలం దెబ్బతింటుందట. శుక్రవారం ఒక్కరోజే వందసార్లు అన్నాను. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "భోంచేశారా?" అంది. "ఇంకొంచెమే" అన్నాను.

మధ్యలో ఒక టీకొట్టు దగ్గర ఆగాం. టీ పోస్తున్న పెద్దావిడ రోడ్డు మీద రొప్పుతూ వెళ్తున్న గేరు వంక చూసింది.

"ఎవరు బాబూ అతను? ఏం తప్పు చేశాడు?"

"తప్పు చెయ్యలేదమ్మా. రేసు."

"మరి కారు ఖాళీగానే ఉందిగా, ఎక్కించుకోవచ్చుగా?"

"ఎక్కకూడదమ్మా. సొంతంగా తొక్కాలి."

"సొంతంగా తొక్కేవాడికి మీరిద్దరెందుకు?"

ఇలాంటి చదువురాని ప్రశ్నలకి జవాబు చెప్పడం ఎలాగండీ? టీ సగంలో వదిలేసి లేచాం.

ఇక శనివారం. కొండ దారి. పొద్దున తొమ్మిదిన్నర నుంచీ ఎక్కుడే ఎక్కుడు. గేరుగాడి ఫోను వాడి గుండెచప్పుడు లెక్కపెట్టే పనిలో ఉంది కాబట్టి, వాడి వీరోచిత కృషిని లోకానికి లైవ్‌లో చూపించే భారం నా ఫోను మీద పడింది. కెమెరా నిండా వాడి వీపు, వెనక నా గొంతు. నలభై మూడు మంది చూస్తున్నారు!

సరిగ్గా పదీ అయిదుకి ఫోను తెర మీద 'ఇల్లు' అని వచ్చింది.

నాకు తెలుసండీ. ఎందుకు చేస్తున్నారో తెలుసు. కానీ ఎత్తితే లైవ్ ఆగిపోతుంది. నలభై మూడు మంది ప్రజల్ని నడిదారిలో వదిలేసి ఒకే ఒక్క మనిషి ఫోను ఎత్తడం ప్రజాస్వామ్యమేనా? కట్ చేశాను. నిమిషంలో మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి రాలేదు. దానికి బదులు చూసేవాళ్ళ లెక్క నలభై నాలుగైంది. సంతోషించాను.

అప్పుడే మావాడు ఆగిపోయాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు. హ్యాండిలు మీద తలవాల్చి, చిన్నపిల్లాడిలా, "నావల్ల కాదురా. పడిపోతాను. నన్నొదిలెయ్" అన్నాడు.

చూడాలండీ నన్ను అప్పుడు! కారు దిగి, ఫోను చేత్తో పట్టుకుని వాడి పక్కకి పరిగెత్తాను. ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు, మాటలు తన్నుకొచ్చాయి.

"ఎవరు పడనిస్తార్రా నిన్ను? నేను లేనూ? ఇదిగో, నీ పక్కనే ఉన్నా! కిందకి చూడకు, ముందుకి చూడు! ఒక్కటి వెయ్. అంతే! శభాష్! ఇంకొక్కటి! నొప్పిగా ఉంటుంది, నాకు తెలుసు, ఉండనీ! ఊపిరి వదులు! గేరు దించు! నీ అంత గట్టివాళ్ళని నేను చూళ్ళేదురా! నువ్వు చెయ్యగలవు. నేను ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటా! అదీ! అదీ! ఇంకొంచెమే!"

వాడు కదిలాడు. ఎక్కాడు. కొండ మీదకి చేరాక నా గొంతు బొంగురుపోయింది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత బాగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదయ్యా" అన్నారు. అక్కడికొచ్చేసరికి సిగ్నలు పోయింది. ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాను, వీలుకాలేదు. సాయంత్రం సిగ్నలు వచ్చింది. అప్పుడు ధైర్యం చాలలేదు.

ఆదివారం మావాడు రేసు పూర్తిచేశాడు. నలభై ఒక్కమందిలో ముప్పై ఎనిమిదోవాడు. మిగతా ముగ్గురూ బుద్ధి తెచ్చుకుని శనివారమే ఇళ్ళకి వెళ్ళిపోయారు. మెడలో పతకం వేసి, చేతికి మైకిచ్చారు. మావాడు గొంతు సవరించుకున్నాడు.

"ఈ మూడు రోజులూ నాకు తోడు ఎవరూ లేరు. నేనూ, నా సైకిలూ, నా మనోబలం. అంతే!"

చప్పట్లు మారుమోగాయి. నేను కూడా కొట్టేవాణ్ణే. ఒక చేతిలో వాడి సీసా, ఇంకో చేతిలో వాడి తడిసిన సాక్సులు ఉండిపోయాయి. మర్నాడు వాడు పెట్టిన ఫోటోలో ఎడమ చివర నా మోచెయ్యి చాలా స్పష్టంగా పడింది.

ఇల్లు చేరేసరికి ఆదివారం రాత్రయింది. తలుపు తీసింది మా అత్తగారు. నా వంక ఎగాదిగా చూసి, "రండి బాబూ, రండి. నిన్న రెండుసార్లు ఫోన్ చేశాం. ఎత్తలేదు మీరు" అంది.

"అది... లైవ్..." అని నసిగాను.

"తెలుసు. చూశాం." లోపలికి నడుస్తూ చెప్పుకుపోయింది. "ఆ అమ్మాయేమో అడుగెయ్యమంటోంది. ఇదేమో లేచి నిలబడింది గానీ, గడగడా వణికిపోతోంది. నావల్ల కాదు, కూర్చోబెట్టెయ్యమని ఒకటే ఏడుపు. మీతో ఒక్క మాట మాట్లాడితే ధైర్యం వస్తుందని చేశాం. ఎత్తకపోతే, పోనీ ఆ సైకిలాయన ప్రోగ్రామేదో పెట్టమ్మా, మా ఆయన మొహమైనా కనబడుతుందేమో అంది. పెట్టాను. మీ మొహం లేదు. ఆయన వీపుంది. గొంతు మాత్రం మీదే."

ఆ నలభై నాలుగో మనిషి ఎవరో అప్పుడు తెలిసింది.

మంచం మీద మా ఆవిడ దిండుకి ఆనుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. నన్ను చూసి ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"పదకొండూ నడిచానండీ" అంది. "మీరు ఒక్కటి వెయ్ అంటే ఒక్కటి వేశాను. ఇంకొక్కటి అంటే ఇంకొక్కటి. గేరు దించు అన్నప్పుడే ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ అమ్మాయి పగలబడి నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులో రెండడుగులు పడిపోయాయి."

నేను మెరిసే జాకెట్టు విప్పి కుర్చీ మీద పెట్టాను.

"నాకు కాదని తెలుసులెండి" అంది మళ్ళీ. "ఆ 'రా' ఒక్కటీ తీసేసుకుంటే, మిగతావన్నీ నాకు సరిపోయాయి. మీకు అంత మంచి మాటలు వచ్చని ఇరవై ఒక్కేళ్ళుగా నాకు తెలియదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా కోపంగా ఏదో ఒకటి అని గట్టెక్కేవాణ్ణి. నాకు చచ్చేంత సిగ్గేసింది.

సోమవారం సాయంత్రం గేరుగాడు పతకం మెడలో వేసుకునే మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోలేడు పాపం, అందుకని మా ఆవిడ మంచం పక్కన నిలబడే చెప్పాడు. "కొండెక్కడం అంటే ఎంత నరకమో మీకు తెలియదు వదినా!"

"అవునండీ పాపం" అంది మా ఆవిడ, తుంటి కింద దిండు సర్దుకుంటూ. "అందులోనూ తోడు ఎవరూ లేకుండా!"

వాడు వినయంగా తల వంచుకున్నాడు.

మంగళవారం మళ్ళీ నడిపించే రోజు. ఈసారి కిటికీ దాకా వెళ్ళి, వెనక్కి కూడా రావాలి. నేను పదింటికి దుకాణం తియ్యలేదు. ఇంట్లోనే ఉన్నాను. చొక్కా చేతులు మడిచి, మంచం పక్కన సిద్ధంగా నిలబడ్డాను. ఐదువందల నలభై కిలోమీటర్లు అరిచినవాణ్ణి, ఇరవై రెండు అడుగులు ఎంత!

మా ఆవిడ లేచి నిలబడింది. కాళ్ళు వణికాయి. ఫిజియోథెరపీ అమ్మాయి నా వంక చూసింది. మా అత్తగారు నా వంక చూసింది. మా ఆవిడ కూడా చూసింది.

నోరు తెరిచాను. "ఊఁ..." అన్నాను.

అందరూ ఎదురుచూస్తున్నారు.

"జాగ్రత్త" అన్నాను. ఇంకేదో అనాలి. శభాష్ అనాలి. నీ అంత గట్టిదాన్ని చూళ్ళేదు అనాలి. నేనిక్కడే ఉన్నాను అనాలి. అన్నీ గొంతులోనే ఉన్నాయి, నిజం, ఒక్కటీ పైకి రాలేదు. "నేల తడిగా ఏం లేదుగా?" అన్నాను.

మా అత్తగారు తల కొట్టుకుంది.

మా ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "పోనీలెండి" అంది మెల్లగా. "ఆ లైవ్ వీడియో మీ ఫోనులో ఉందిగా, అది పెట్టండి."

పెట్టాను. ఏం చెయ్యను? ఎవరు పడనిస్తార్రా నిన్ను, నేను లేనూ, అని ఫోనులో నా గొంతు గది దద్దరిల్లేలా అరుస్తోంది. మా ఆవిడ దాన్ని వింటూ ఒక్కటేసింది. ఇంకొక్కటేసింది. కిటికీ దాకా వెళ్ళింది. తిరిగింది. ఫోను రెండు చేతులతో పట్టుకుని నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

"కొంచెం అటు జరగండి" అంది నా దగ్గరికొచ్చి. "దారికడ్డంగా ఉన్నారు."

జరిగాను.

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. సైకిలు రేసుల స్నేహితుణ్ణి వెంటనే ఒకణ్ణి సంపాదించుకోండి. వాణ్ణి కొండలెక్కించండి, వాడి కోసం అరవండి, ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. మా ఇంట్లో అదొక్కటైనా ఉంది. ఆ వీడియో కూడా లేని మీ ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం విని నడుస్తున్నారండీ?